80 అడుగుల రోడ్డులో 13 పీసీయూల ఖాళీ: తిరుపతిలో ఒక కళ్యాణ మండపం ఫైలు

"రోడ్డు ఎనభై అడుగులు ఉండాది సార్. పెళ్ళిళ్ళు చేసుకునేదానికి ఒక హాలు కట్టుకుంటామంటే ఇంకేం గావాల?" మొదటి రోజే ఆయన అడిగిన ప్రశ్న ఇది. స్థలం ఆయనది, బ్యాంకు లోనుకు వడ్డీ కట్టేది ఆయనే, ఫైలు మాత్రం నెలలుగా కదలడం లేదు. వెనక వీధిలో ఉండేవాళ్ళు అభ్యంతరం రాసిచ్చారు. దాంతో అనుమతి ఇచ్చే ఆఫీసువాళ్ళు ఒకే వాక్యం రాసి ఫైలు తిప్పి పంపారు: పెరిగే ట్రాఫిక్‌ను ముందున్న రోడ్డు మోయగలదో లేదో అధ్యయనం చేయించి జతపరచండి.

ఆ అధ్యయనం నా దగ్గరికి వచ్చింది. స్థలం ఎక్కడో తెలిసిపోయే వివరాలు తీసేసి ఆ కేసు ఇక్కడ రాస్తున్నాను. తిరుచానూరు వైపు వెళ్ళే రోడ్లలో ఒకటి అనుకోండి. బళ్ళ కౌంట్ అంకెలు కూడా అసలువి కావు, లెక్క తేలిగ్గా అర్థమయ్యేలా మార్చిన నమూనా అంకెలు. రోడ్ల డిజైన్ కోడ్‌లోంచి తీసుకున్నవి మాత్రం కోడ్‌లో ఉన్నట్టే ఇచ్చాను.

ప్రతిపాదన పెద్దదేమీ కాదు. సుమారు రెండెకరాల్లో వెయ్యి మంది పట్టే పెద్ద హాలు, పక్కన నాలుగు వందల మందికి మినీ హాలు, పైన 80 గదుల లాడ్జి. ముందు మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు, వెనక 40 అడుగుల వీధి. 350 మీటర్ల దూరంలో నాలుగు దారుల సిగ్నల్ జంక్షన్.

మన బిల్డింగ్ రూల్స్ ఈ విషయంలో ఎలా ఆలోచిస్తాయో ముందు చెప్పాలి. ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్, 2017 (జీ.ఓ. 119) కట్టడం ఎత్తును ముందున్న రోడ్డు వెడల్పుతో ముడిపెడతాయి. రోడ్డు వెడల్పైతే ఎత్తు కట్టుకోవచ్చు, ఇరుకైతే తగ్గించుకోవాలి. కానీ వెడల్పు అంటే టేపుతో కొలిచేది. ఆ వెడల్పులో సాయంత్రం ఏడున్నరకు ఎంత నడుస్తోందో టేపుకు తెలియదు. కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే కేంద్రం 2006లో ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి, అక్కడ ట్రాఫిక్ సంగతి కూడా అడుగుతారు. చుట్టుపక్కల రోడ్ల సేవా స్థాయి (బళ్ళు ఎంత సాఫీగా కదులుతున్నాయో చెప్పే కొలత) తగ్గకూడదని, పక్కన రాబోయే ప్రాజెక్టులను కూడా కలిపి లెక్క చూడాలని షరతు పెడతారు. మన ఫైలు ఆ గీతకు చాలా కిందే ఉంది. వెనక వీధివాళ్ళు ఆ కాగితం రాయకపోతే ఈ ప్రశ్న అసలు పుట్టేదే కాదు.

ఆషాఢంలో చేసిన కౌంట్

నాకంటే ముందు ఇంకొకరు ఒక రిపోర్టు రాసిచ్చారు. రోడ్డు సామర్థ్యంలో 63 శాతమే వాడుకలో ఉందని, బోలెడు ఖాళీ ఉందని అందులో తేల్చారు. చూడ్డానికి పద్ధతిగానే ఉంది. అయితే కౌంట్ తేదీ చూసి నాకు నవ్వొచ్చింది. ఆషాఢ మాసంలో, మంగళవారం. ఎక్కడా పెళ్ళి బాజా మోగని రోజు చూసుకుని పెళ్ళి మండపానికి ట్రాఫిక్ సర్వే చేశారు. మామూలు ఆఫీసు భవనానికైతే మామూలు రోజు కౌంట్ సరిపోతుంది. ముహూర్తాల మీద బతికే కట్టడానికి ముహూర్తం ఉన్న రోజే చూడాలి. మేం శ్రావణం వచ్చేదాకా ఆగాం. క్లయింటు గొణిగాడు గానీ ఆగాడు.

రెండో తప్పు ఇంకా లోతుగా ఉంది, అది తెలిసినవాళ్ళకే కనబడుతుంది. రోడ్డు మీద అన్ని బళ్ళూ ఒకే చోటు తినవు కాబట్టి, అన్నిటినీ కారు లెక్కలోకి మార్చి పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అంటాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 106 (1990)లో ఆ మార్పిడి పట్టిక ఉంది. ఒక్కో బండికి రెండు గడులు. ఆ రకం బళ్ళు మొత్తంలో 5 శాతం ఉంటే ఒక విలువ, 10 శాతం లేదా అంతకు మించితే ఇంకో విలువ. టూవీలర్‌కు 0.5 లేదా 0.75. ఆటోకు 1.2 లేదా 2.0.

మా నమూనా గంటలో 1,700 టూవీలర్లు, 300 ఆటోలు, 450 కార్లు, 60 చిన్న గూడ్సు బళ్ళు, 40 బస్సులు, లారీలు. మొత్తం 2,550. ఆటోలు దాదాపు 12 శాతం, టూవీలర్లు మూడింట రెండొంతులు. అంటే రెండింటికీ పెద్ద గడి విలువే వేయాలి. అలా వేస్తే 2,497 పీసీయూలు. చిన్న గడి వేస్తే 1,832. అవే బళ్ళు, అదే గంట, 665 తేడా! డివైడర్ ఉన్న నాలుగు లేన్ల సబ్ ఆర్టీరియల్ (ఊరి ప్రధాన రోడ్ల తరవాతి తరగతి) రోడ్డుకు అదే కోడ్ గంటకు 2,900 పీసీయూలు ఇస్తుంది, రెండు దిక్కులూ కలిపి. ఒక లెక్కలో 63 శాతం, ఇంకో లెక్కలో 86 శాతం. పాత రిపోర్టు 63 ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. కావాలని చేశారో పొరపాటో చెప్పలేను. రిపోర్టులు పరిశీలించే కుర్రవాళ్ళకు మాత్రం నేను మొదట ఈ గడి చూడమనే చెబుతాను. సంతకాలు, రంగుల మ్యాపులు తరవాత.

పెళ్ళికి వచ్చేవాళ్ళు ఎలా వస్తారు

కొత్త కట్టడం ఎంత ట్రాఫిక్ తెస్తుందో చెప్పడానికి అమెరికాలో లావుపాటి పుస్తకాలున్నాయి. వాటిలో కళ్యాణ మండపం ఉండదు, ఉన్నా మన షేర్ ఆటో ఉండదు. కాబట్టి ఊళ్ళో ఇలాంటి హాళ్ళ గేట్ల దగ్గర ముహూర్తం ఉన్న రోజుల్లో, ముందు రోజు రాత్రి రిసెప్షన్ సమయంలో నిలబడి లెక్క పెట్టాం. ఒక చోట సెక్యూరిటీ అతను మమ్మల్ని ఆడపెళ్ళివాళ్ళ చుట్టాలనుకుని భోజనానికి పంపాడు. వెళ్ళాం కూడా.

తెల్లవారుజాము ముహూర్తానికి జనం పల్చగానే వస్తారు. అసలు భారం రాత్రి రిసెప్షన్‌దే, అదీ ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. 1,500 మంది వచ్చే ఫంక్షన్‌లో ఆ గంటలో 600 మంది దిగుతారనుకుందాం. 240 మంది కార్లలో, కారుకు ముగ్గురు చొప్పున 80 కార్లు. 240 మంది బైకుల మీద, ఇద్దరేసి, 120 బైకులు. 90 మంది 30 ఆటోల్లో. మిగతా 30 మంది ఊరినుంచి మాట్లాడుకొచ్చిన ఒక బస్సులో. ఆటో దగ్గర చాలామంది పొరబడతారు. కారు వచ్చి లోపల ఆగిపోతుంది. ఆటో దించేసి వెంటనే తిరిగి రోడ్డెక్కుతుంది. అందుకే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టాలి. వచ్చేవి 232 పీసీయూలు, ఖాళీగా తిరిగివెళ్ళే ఆటోలు 60, కవరిచ్చి ఫోటో దిగి ఆ గంటలోనే వెళ్ళిపోయేవాళ్ళవి 60, లాడ్జివి 38. మొత్తం 390.

2,497కు 390 కలిపితే 2,887. హద్దు 2,900.

క్లయింటు కాగితం మీద వేలు పెట్టి, "పదమూడు మిగిలింది గదా సార్, పాసే గదా" అన్నాడు. అంకెగా చూస్తే పాసే. సంతకం పెట్టి పంపేస్తే ఫైలు కదిలేదేమో కూడా. ఒక రోజంతా ఆ 13 నన్ను తినేసింది.

ఎందుకంటే ఆ 2,900 అన్నది గోడ కాదు. సేవా స్థాయి 'సి' దగ్గర, అంటే బళ్ళు ఓ మాదిరి సాఫీగా కదిలే స్థితికి కోడ్ పెట్టుకున్న డిజైన్ అంకె అది. రోడ్డు గరిష్ఠంగా మోయగలిగే దానిలో సుమారు 70 శాతం. 2,901వ పీసీయూ రాగానే రోడ్డు ఆగిపోదు, 2,887 దగ్గర హాయిగానూ ఉండదు. అధికారులు దాన్ని గోడలా చూస్తారు, బిల్డర్లు పైన ఇంకా 30 శాతం ఉంది కదా అంటారు. రెండు వాదనలూ ఒక జంక్షన్‌కూ ఇంకో జంక్షన్‌కూ మధ్య ఉండే రోడ్డు ముక్క గురించే. తిరుపతిలో రోడ్డు మధ్యలో ఇరుక్కున్నవాణ్ణి నేను చూడలేదు. ఇరుక్కునేది సర్కిల్ దగ్గర, లేకపోతే ఏదో ఒక గేటు ముందు.

అసలు హద్దు జంక్షన్‌లో ఉంది

ఈ ఊరి ఆకారమే అలాంటిది. ఉత్తరాన శేషాచలం కొండలు గోడలా నిలబడ్డాయి, ఊరు అటు పెరగలేదు. మధ్యలో రైలు పట్టాలు. రేణిగుంట నుంచి వచ్చినా, చిత్తూరు నుంచి వచ్చినా, చెన్నై నుంచి వచ్చినా కొండకు బళ్ళ మీద పోయేవాళ్ళంతా చివరికి అలిపిరికే చేరాలి. సుమారు ఏడు కిలోమీటర్ల శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023 సెప్టెంబరులో పూర్తిగా అందుబాటులోకి వచ్చాక నేరుగా పోయే బళ్ళు పైకెక్కాయి. మంచిదే. కానీ పక్క వీధిలోకి తిరిగేవాడికి, మండపానికి వచ్చేవాడికి సేతుతో పని లేదు, వాడు కింద జంక్షన్‌లోనే తిరగాలి.

మన జంక్షన్‌కు నాలుగు దారులు, ఒక్కో దారికి విడిగా పచ్చ లైటు. సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు కావాలో చెప్పే వెబ్‌స్టర్ సూత్రంతో లెక్క వేశాం. ఏడు మీటర్ల వెడల్పు దారి పచ్చ లైటు ఉన్నంతసేపూ గంటకు 525 రెట్లు ఏడు, అంటే 3,675 పీసీయూల చొప్పున వదులుతుంది. పక్క వీధుల్లా ఆరు మీటర్లదైతే 3,150. పెద్ద రోడ్డులో మన వైపు నుంచి 1,300, ఎదుటి నుంచి 900, పక్క వీధుల నుంచి 400, 350 వస్తున్నాయి. ఒక్కోదాన్ని దాని సామర్థ్యంతో భాగించి కూడితే సుమారు 0.84. దారి మారిన ప్రతిసారీ 4 సెకన్లు వృథా, నాలుగు మార్పులకు 16. సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి కావలసిన సమయం 178 సెకన్లు వచ్చింది. 120 దాటితే మనవాళ్ళు హారన్ మీదనుంచి చెయ్యి తీయరు. అంటే మండపం రాకముందే ఆ జంక్షన్ ఆయాసపడుతోంది.

ఇప్పుడు మండపం బళ్ళు కలపాలి. మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి గేటులోంచి వచ్చే ప్రతి బండీ ఎడమకే తిరగాలి, కుడివైపు పోవలసినవాడు జంక్షన్ దాకా వెళ్ళి యూటర్న్ కొట్టాలి. 390లో 250 జంక్షన్‌కు చేరతాయి, అందులో 150 మన వైపు దారిలోనే. కూడిక 0.84 నుంచి 0.91 అయింది. కాగితం మీద చూస్తే ఏడు పైసలు. చుట్టు సమయం మాత్రం 178 నుంచి 310 సెకన్ల దగ్గరికి ఎగబాకింది. సూత్రంలో కింద భాగహారంలో ఉండేది మిగిలిన ఖాళీ. అది 0.16 నుంచి 0.09కి పడిపోయినప్పుడు, కూడికలో కొంచెం మార్పే చుట్టు సమయంలో కొండంత అవుతుంది. నిండు బిందెలో ఇంకో చెంబు పోయడం లాంటిది, చెంబు ఎంతని కాదు అడగాల్సింది.

రోడ్డు మధ్యలో 13 మిగిలిన అదే గంటలో జంక్షన్‌లో ఏమీ మిగలలేదు.

గేటు ముందు 78 మీటర్లు

ఇంకో లెక్క ఎవరూ అడగలేదు, కానీ నా దృష్టిలో అసలు ముఖ్యమైంది అదే. ఆ గంటలో వచ్చే 80 కార్లు 45 సెకన్లకు ఒకటి చొప్పున బుద్ధిగా రావు. ఒక పావుగంటలో 35 వస్తాయనుకోండి. గేటు దగ్గర ఒక కారు ఆగి, అవ్వను దించి, సారె పళ్ళాలు దించి, పార్కింగ్ ఎక్కడని అడిగి కదలడానికి 40 సెకన్లు. పావుగంటలో 22 కార్లే లోపలికి పోతాయి. మిగిలిన 13 రోడ్డు మీదే. కారుకు ఆరు మీటర్లు వేసుకుంటే 78 మీటర్ల క్యూ.

మొదటి ప్లాన్‌లో ఆర్చి గేటు సరిగ్గా రోడ్డు అంచునే ఉంది. 78 మీటర్ల క్యూ అంటే ఎడమ లేన్ పోయినట్టే. నాలుగు లేన్ల రోడ్డు అనుకుని 2,900 ఇచ్చిన కోడ్ ఆ గంటలో అక్కడికి వచ్చి చూడదు. బరాత్ సంగతి నేను లెక్కలో వేయనేలేదు. డీజే బండి ముందు డాన్సు చేసేవాళ్ళకు పీసీయూ విలువ ఏ పట్టికలోనూ లేదు.

కొండ మీద ఇలాంటి రద్దీని ఎలా సర్దుతారో మనకందరికీ తెలుసు. దర్శనానికి గంటలవారీగా టోకెన్లు ఇస్తారు. గరుడ సేవ సమయంలో ఘాట్ రోడ్ల మీదికి టూవీలర్లు రానివ్వరు. అంటే దారి పెంచలేనప్పుడు సమయాన్ని పంచుతారు. కింద ఊళ్ళో పెళ్ళి ముహూర్తాన్ని అలా పంచలేం, పంచాంగంలో ఒకే రాత్రి అందరికీ మంచిదైపోతుంది. ఆ రోడ్డు మీద ఉన్న హాళ్ళన్నీ ఒకేసారి వెలుగుతాయి. కానీ రిసెప్షన్ ముహూర్తం కాదు. అది ఆరున్నరకైనా పెట్టుకోవచ్చు, ఎనిమిదికైనా. నాకు దారి అక్కడ దొరికింది.

మార్చినవి

రోడ్డు వెడల్పు చేయడం ఆయన చేతిలో లేదు, నా చేతిలోనూ లేదు. కట్టడాన్ని మార్చగలం. గేటును రోడ్డు అంచు నుంచి 40 మీటర్లు లోపలికి జరిపి, రెండు వరసల దారి ఇచ్చాం. 80 మీటర్ల క్యూ మన స్థలంలోనే పడుతుంది. దీనికి ముందున్న లాన్ పోయింది. ఫోటోలకు ఆ లాన్ కావాలని ఆయన కొడుకు చాలా పోట్లాడాడు. చివరికి లాన్ పోతుందా, అప్రూవల్ పోతుందా అని అడిగాక ఊరుకున్నాడు. ఆటోలకు లోపలే దించి తిరిగే వంపు పెట్టాం. మినీ హాలు, పెద్ద హాలు రిసెప్షన్లు ఒకే గంటలో మొదలవకూడదని రాతపూర్వకంగా హామీ.

బయటికి వెళ్ళే దారి వెనక 40 అడుగుల వీధిలోకి. దీనివల్ల మన వైపు పెద్ద దారిలో 150కి బదులు 70 పెరుగుతుంది. వీధి మీద 50 పెరుగుతుంది. అభ్యంతరం రాసిన వాళ్ళ వీధి అదే! వాళ్ళతో రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఒక రిటైర్డు మాస్టారు, "నాయనా, మీ లెక్కలో మా పిలకాయలు సైకిలు తొక్కేది ఎన్ని పీసీయూలు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. రాత్రి పదిన్నర తరవాత ఆ గేటు మూయడం, వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్, అటువైపు పార్కింగ్ నిషేధం అడిగారు. మూడూ ఒప్పుకున్నాం.

జంక్షన్‌లో పక్క వీధులు రెండింటికీ విడివిడిగా పచ్చ లైటు ఇవ్వడం మాని, కలిపి ఇవ్వమని సూచించాం. అలా చేస్తే నాలుగు మార్పులు మూడవుతాయి, వృథా 16 సెకన్ల నుంచి 12కి దిగుతుంది. కొత్త ట్రాఫిక్ వేశాక కూడా చుట్టు సమయం 102 సెకన్లు. మండపం లేకుండా ఇప్పుడున్న 178 కంటే తక్కువ. దీనికి ఒక ధర ఉంది: పక్క వీధుల నుంచి కుడివైపు తిరగడం ఆపేయాలి. రోజూ పాలకూ బడికీ కుడికి తిరిగేవాళ్ళు ఇకమీదట ముందుకెళ్ళి యూటర్న్ తీసుకుని రావాలి. మండపం లాభం ఒకరిది, ఆ చుట్టుదూరం ఇంకొకరిది. రిపోర్టులో దీన్ని దాచకుండా రాశాను. ఆఫీసులో ఒకాయన ఇంత వివరం ఎందుకండీ అన్నారు. షరతులతో అనుమతి మాత్రం వచ్చింది.

తరవాత వచ్చేవాడి సంగతి

ఆ రోడ్డు మీదే ఇంకో రెండు ఖాళీ స్థలాలున్నాయి. మా క్లయింటు తీసుకున్న తరవాత మిగిలింది పదమూడు. రేపు అక్కడ ఒక చిన్న నర్సింగ్ హోమ్ కడతామని వస్తే, హద్దు దాటించినవాడి పేరు అతనికి పడుతుంది. ముందు వచ్చిన హాళ్ళన్నీ అసలు లెక్కే చూపకుండా వచ్చాయి. ఒక్కొక్కరినీ విడిగా చూస్తే అందరిదీ కొంచెమే.

దీనికి మందుగా అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 1985లో గట్టి చట్టం చేసింది. రోడ్డు సామర్థ్యం ఉంటేనే కొత్త అనుమతి. ఫలితం తిరగబడింది. ఊరి మధ్యలో రోడ్లు నిండిపోయి ఉన్నాయి కాబట్టి కట్టేవాళ్ళంతా ఖాళీ రోడ్లున్న ఊరి బయటికి పోయారు, అక్కడినుంచి జనం ఇంకా ఎక్కువ దూరం కార్లలో తిరిగారు. 2011లో రవాణా విషయంలో ఆ నియమాన్ని స్థానిక సంస్థల ఇష్టానికి వదిలేశారు. మన దగ్గర 2,900ను గోడగా పెడితే మండపాలన్నీ రేణిగుంట అవతలికి పోతాయి, పెళ్ళికి బస్సులో, ఆటోలో వచ్చేవాడు కూడా కారు మాట్లాడుకోవాలి. అందుకే వద్దు అనే రిపోర్టు రాయడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక రోడ్డు మీద ఉన్న స్థలాలన్నిటినీ ఒకేసారి లెక్కవేసి, జంక్షన్ ఖర్చును అందరికీ వాటాలు వేసే పద్ధతి ఉంటే బాగుంటుందని రిపోర్టు చివరి పేజీలో రాశాను. ఆ పేజీ ఎవరైనా చదివారనుకోను.

హాలు తెరిచాక మాఘంలో ఒక రాత్రి, పని ఏమీ లేకపోయినా, అటు వెళ్ళాను. ముందు గేటు బాగా పనిచేస్తోంది. కార్లు లోపలే రెండు వరసల్లో నిలబడ్డాయి, రోడ్డు మీద క్యూ లేదు. ఆటోలు మాత్రం లోపలి వంపులోకి రావడం లేదు. మళ్ళీ బయటికి రావడానికి ఆలస్యమవుతుందని రోడ్డు మీదే దించేస్తున్నారు. వెనక గేటు చూద్దామని చుట్టూ తిరిగి వెళ్ళాను. గేటుకు అడ్డంగా క్యాటరింగ్ వ్యాను, దాని పక్కన జనరేటరు. బయటికి వెళ్ళేవాళ్ళందరినీ ముందు గేటుకే పంపుతున్నారు. మేనేజరును పిలిచి అడిగాను.

"వంటోళ్ళకు ఇదే దగ్గర సార్" అన్నాడు. "భోజనాలు అయిపోతానే తీయించేస్తాం."

టైము చూసుకున్నాను. ఎనిమిదీ పది.